తీగకు కట్టిన నిమ్మకాయ

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి నొప్పికీ ఒక కారణం ఉంటుందనీ, అన్నీ వరుసగా రాసుకుంటూ పోతే అది దొరికి తీరుతుందనీ నా గట్టి నమ్మకం. పట్నంలో రేడియో మరమ్మతు నేర్చుకొని కొత్తగా వచ్చినవాణ్ణి మరి. పాలకుర్తి దగ్గర మా మేనత్త ఊళ్లో, మామ కొన్న బ్యాటరీ రేడియోకు కప్పు మీద వెదురు నిలబెట్టి, రాగితీగ కట్టింది నేనే. చుట్టూ రజాకార్లు, వాళ్ల మీద సంఘం పోరు. సాయంత్రమైతే వార్తల కోసం వాడంతా మా వాకిట్లోనే ఉండేది.

వారం తిరక్కుండానే అత్త మంచం పట్టింది. "అల్లుడా, గీ తీగ కట్టినకాన్నుంచి మోకాళ్లు గుంజుతున్నయ్, చెవుల గుయ్యిమంటున్నది." మామ తేల్చేశాడు: "రేపటికి తగ్గకుంటే తీగ పీకేస్త." తీగ పోతే వార్తలు పోతాయి, నా చదువు పరువూ పోతుంది.

"అత్తా, ఆ తరంగాలు గాలిల ఎప్పుడూ ఉంటయ్. తీగ వాటిని పుట్టియ్యది, అందుకుంటది, గంతే."

"ఉంటే ఉండనీ. ఊరంత తిరిగే కుక్క, మనం పిలిచి బువ్వ పెడితెనే గద ఇంట్లకొస్తది!"



ఆ సాయంత్రం వార్తలయ్యాక, ఎవరికీ చెప్పకుండా రేడియో వెనక తీగ ఊడదీశాను. తెల్లారి అత్త మూలుగు మామూలే. "చూసినవా అత్తా! నిన్నటి నుంచి రేడియోకు తీగే లేదు!" అన్నాను గెలిచినవాడిలా.

"లేదని నాకు జెప్పినవా? జెప్పకుంటే నా మోకాళ్లకెట్ల ఎరుకైతది?"

చివరికి మందు కూడా ఆమే చెప్పింది. "వెదురుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టు. వచ్చేటియేవో ఆడనే ఆగుతయ్."

"వార్తలు గూడ ఆగితే?"

"మంచి వార్తలు ఆగయ్ లే."

ఎక్కి కట్టాను. ఆ సాయంత్రమే అత్త లేచి వచ్చి, అందరికన్నా ముందు, రేడియోకు చెవి ఆనించి కూర్చుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, మా బావ, సంఘంతో అడవికి పోయిందీ, నేను తీగ కట్టిందీ ఒకే వారంలో. నా కారణాల వరుసలో ఆ ఒక్కటీ రాసుకోలేదు. బావ క్షేమంగా తిరిగొచ్చాక ఆ ఘనత నిమ్మకాయకే దక్కింది.

మొన్న మనవరాలు భూపాలపల్లి నుంచి రావాల్సిన బస్సు ఆలస్యమైంది. నా జేబులో ఫోను గుర్రుమని వణికింది. గబగబా చెయ్యి పెట్టి చూస్తే జేబు ఖాళీ. ఫోను లోపలి గదిలో ఛార్జింగుకు పెట్టి ఉంది.

ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకొని, వంటింట్లోకి పోయి నిమ్మకాయలున్నాయేమో వెతికాను.