సప్పుడు చేయని రాక్షసి

రామగుండం స్టేషన్లో రైలు కోసం కూర్చుని, ఇంటర్ చదివే మా అమ్మాయీ నేనూ పాచికల కథాట ఆడుతున్నాం. గుహనూ రాక్షసులనూ నేను చెబుతాను, తన వీరవనిత ఏం చేస్తుందో ఆమె చెబుతుంది. తేలని చోట పాచిక వేస్తాం. ఏ రాక్షసి దెబ్బకు ఎంత ప్రాణం పోవాలో లెక్కలన్నీ నేనే కట్టాను.

"మలుపు తిరగంగనే రాక్షసి మీద పడ్డది," అని పాచిక వేశాను. ఆమె రెండేళ్లుగా పెంచుకున్న వీరవనిత ఒక్క దెబ్బకే చచ్చిపోయింది. అమ్మాయి తల వంచుకుంది.

ఎదురు బెంచీ మీద షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడొకాయన ఇదంతా వింటున్నాడు.

"నడుమ మాట్లాడుతున్ననని అనుకోకు అన్నా. రాచ్చసి వచ్చేముందు బిడ్డకు సప్పుడు గిట్ల ఇనరాలేదా?"

"చెప్తే ఉరుకుతది గదా," అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. "బొగ్గుబాయిల పైకప్పు మాకేమన్న సుట్టమా? గదే పడేముందు కింద నిలబెట్టిన దుంగలు కిర్రుమంటయి. ఇని ఉరికితే బతుకుతం, ఇనకుంటే మా తప్పు. నీ రాచ్చసికి గా మాత్రం నీతి లేకపాయె."

ఆయన రైలొచ్చి వెళ్లిపోయాడు. నా లెక్కల్లో దెబ్బకు అంకె ఉంది, హెచ్చరికకు లేదు.

"మలుపు కాడికెల్లి మళ్ల ఆడుదామా బిడ్డా?"

"వద్దు బాపూ. సచ్చింది సచ్చిందే. ఈసారి కథ నేను చెప్త, నువ్వు గుహలకు పో."

వెళ్లాను. రెండడుగులు వేయకముందే, "లోపల ఎవరో గురక పెడుతున్నరు బాపూ, మెల్లగ," అంది.

ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.