పది రోజుల పాత ఆట

మా ఇండియన్ షాపులో కొత్తిమీర కట్టల కింద తడి న్యూస్‌పేపర్ పరుస్తారు. మొన్న ఓ కట్ట ఎత్తగానే తడిసిన అచ్చుసిరా వాసన గుప్పుమంది. వెనక నుంచి ఎవరో "అంకుల్, కొంచెం జరుగుతారా?" అనేదాకా అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన నాకు హ్యూబర్ట్ గారిది. డెబ్భైల చివర నేను అమెరికా వచ్చి ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టి, కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో చేరినప్పుడు ఆయన మా బాస్. బెల్జియం మనిషి. అందరూ పేరు పెట్టి పిలిచేవారు. నాకు మాత్రం మనసులోనైనా 'గారు' తగిలించకపోతే నాలుక తిరిగేది కాదు.

ఆయన సొంత ఊళ్లో ఓ ఫుట్‌బాల్ క్లబ్ ఉండేది. అక్కడి పేపర్లు వాళ్ల అన్నగారు వారానికోసారి కట్టగట్టి ఎయిర్‌మెయిల్‌లో పంపేవారు. కట్ట చేరేసరికి అందులోని మొదటి పేపర్ పది రోజుల పాతదై ఉండేది. మంచుకు తడిసిన కట్టను ల్యాబ్ హీటర్ మీద ఆరబెట్టి, తేదీల వరసలో పేర్చి, లంచ్‌లో రోజుకొకటి చదివేవారు. అదీ మొదటి పేజీ నుంచి. ఊళ్లో ఎవరు పోయారో కూడా చదివాకే ఆటల పేజీ. మర్నాటి పేపర్ చేతికందేంత దూరంలో ఉన్నా ముట్టుకునేవారు కాదు. అన్నగారు ఫోన్ చేసినా స్కోరు మాట ఎత్తకూడదని ఒప్పందం. బెల్జియంలో ఎప్పుడో ముగిసిన ఆట, మా ల్యాబ్‌లో ఇంకా మొదలు కావాల్సి ఉండేది.

"కింది పేపర్ లాగి చూసుకుంటే అయిపోయేదానికి ఇంత తపస్సా అండీ? మీ బాస్‌కి టైమ్ ఎక్కువైనట్టుంది," అని మా ఆవిడ వసుంధర నవ్వేది.

నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. అయినా పులిహోర డబ్బా విప్పుకుని ఎదురుగా కూర్చునేవాణ్ని. ఆయన ఇంగ్లీషులో చదివి చెప్పేవారు. ఆ ఏడు క్లబ్‌కి మహర్దశ పట్టింది. దేశంలోని లీగ్‌లో రెండో స్థానం. మరోపక్క యూరప్ కప్పులో పెద్ద పెద్ద జట్లను దాటుకుంటూ సెమీఫైనల్‌కి చేరింది. ఆ ఊరి చరిత్రలో అంత దూరం ఎన్నడూ రాలేదు. సెమీఫైనల్ అంటే రెండు ఆటలు, ఒకటి మన ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. రెండింటి గోల్స్ కలిపి చూస్తారు. మన ఊళ్లో ఒకటి-సున్నాతో గెలిచాం. 'మన ఊరు' అంటున్నాను, ఆ ఊరు మొహం నేనేనాడూ చూడకపోయినా.

రెండో ఆట జరిగిన రోజు పంటి నొప్పితో సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. అక్కడ సాయంత్రమంటే మాకు మధ్యాహ్నం. మనసు ఆగలేదు. షార్ట్‌వేవ్ రేడియో తిప్పాను. గరగరల మధ్య ఒకే ఒక్క వాక్యం వినిపించింది. మూడు-సున్నా, ఓడిపోయాం.

మర్నాడు లంచ్‌లో హ్యూబర్ట్ గారు ఉత్సాహంగా అడిగారు. "ఏమంటావు, నిలబడతామా?"

నేను తలొంచుకుని డబ్బా మూత తీశాను. "తప్పకుండా గెలుస్తాం," అన్నాను.

అక్కడితో పోలేదు. ఫైనల్ కళ్లారా చూడాలని ఆయన సెలవుకి అప్లై చేశారు. తాను లేనప్పుడు ల్యాబ్ చూసుకోమని నాకు పని అప్పజెప్పారు. ప్రతిదానికీ తలూపాను. "నిజం చెప్పేయండి. లేదంటే ఆ మొహం వేసుకుని ఆఫీస్‌కి వెళ్లకండి," అంది వసుంధర. రెండూ చేతకాలేదు.

పది రోజులకు ఆ పేపర్ వంతు వచ్చింది. ఆయన ఎప్పటిలాగే మొదటి పేజీ చదివారు, పోయినవాళ్ల పేర్లు చదివారు, ఆటల పేజీ తిప్పారు. కాసేపటికి పేపర్ మడిచి పక్కన పెట్టారు.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఆట జరిగిన రోజు నుంచే. మీకెలా..."

"అంతకు ముందు రోజూ అడిగేవాడివి. ఎవరు ఆడతారు, గోల్ కీపర్ మోకాలు నయమైందా అని. పది రోజులుగా ఒక్క ప్రశ్న లేదు." ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. "రేడియో వినడం తప్పు కాదు. 'నాకు తెలుసు, చెప్పమంటారా?' అంటే సరిపోయేది. వద్దనేవాణ్ని. అప్పుడు ఆ ఎదురుచూపు నేను ఎంచుకున్నదయ్యేది. గెలుస్తాం అన్నావు చూడు, అప్పుడు నన్ను చిన్నపిల్లాణ్ని చేశావు."

గొంతు పెంచలేదు. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు మళ్లీ పేపర్ తెచ్చారు. లీగ్‌లో ఇంకా ఐదు ఆటలున్నాయి. భయపడుతూనే గోల్ కీపర్ మోకాలి గురించి అడిగాను. చెప్పారు. చివరికి క్లబ్ మూడో స్థానంలో నిలిచింది. ఎనభైల మధ్యలో ఆయన రిటైరై సొంత ఊరు వెళ్లిపోయారు.

ఆ తర్వాత రెండేళ్లకు, ఆసుపత్రిలో వసుంధరకు చేసిన పరీక్షల ఫలితం ముందు నాకు తెలిసింది. స్నేహితుడైన మా డాక్టర్ నా ఆఫీస్‌కి ఫోన్ చేశాడు. మంచి కబురు కాదు. ఇంటికి వెళ్లేసరికి తను ఉతికిన బట్టలు మడతపెడుతోంది. 'ఏమీ లేదట' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"డాక్టర్ ఫోన్ చేశాడు. నాకు తెలుసు. చెప్పమంటావా?"

తను చేతిలోని చొక్కా మడత పూర్తి చేసింది. "ఈ బుట్ట అవనివ్వండి. అన్నం తిన్నాక చెబుదురుగానీ."

నేనూ కూర్చుని దుప్పటి కొసలు పట్టుకున్నాను. భోజనమయ్యాక తనే అడిగింది, చెప్పాను. వసుంధర ఇంకో ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లలో డాక్టర్ నుంచి ఎన్ని ఫోన్లు వచ్చినా, నేను ఏం దాస్తున్నానా అని ఒక్కనాడూ నా మొహం వెతకలేదు.