కాస్త అడ్జస్ట్ అవ్వండి

మా తాతగారికి ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా ‘అడ్జస్ట్’ అనే మాట ఆయన నోట నేనెన్నడూ వినలేదు. సర్దుకోవడం ఎదుటివాళ్ల పని అనుకునే రోజులవి. మా భూములు పోయేనాటికి ఆ మాట ఊళ్లోకి వచ్చింది. తొంభైల్లో అమలాపురం బస్సులో ముగ్గురు కూర్చున్న సీటు దగ్గరికి నాలుగో మనిషి వచ్చి అనేది అదే. పెళ్లిలో పెరుగు అయిపోతే వంటవాడు అనేదీ అదే. అడిగేవాడు మాత్రం ఎప్పుడూ అడ్జస్ట్ కాడు.

మాకు మిగిలింది ఒక్క మర్యాద. స్వామి కల్యాణం నాటి ఉదయం సన్నాయిమేళం మా ఇంటికి వచ్చి, పట్టుగొడుగు పట్టి గుడికి తీసుకెళ్లి తొలి తాంబూలం ఇవ్వాలి. పిలుపు లేకుండా మేం గడప దాటం.

ఆ ఏడు ముందురోజు సాయంత్రం గుడి కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. అప్పుడే అనుమానించాను.

“కువైట్ మేస్త్రిగారు గోపురం కట్టించేరు కదండీ. ఈసారి గొడుగు ఆయనకి పట్టాలనుకుంటన్నామండి. తమరు కాస్త అడ్జస్ట్ అవ్వాలండి.”

ఆ మేస్త్రి కువైట్ వెళ్లి సంపాదించుకొచ్చాడు; అతని తండ్రి మా చెట్లెక్కి కాయలు దింపినవాడు.

“మా తాతగారు గుడికిచ్చిన కొబ్బరితోట మాటేమిటి?” అన్నాను.

“ఆయ్, అదెక్కడికి పోద్దండి! ఆ కాయలే కదండీ రోజూ స్వామికి కొడతన్నాం.”

మర్నాడు పట్టుపంచె కట్టి అరుగు మీద కూర్చున్నాను. కమిటీ ఏం చెప్పినా మేళం దారి మర్చిపోదని నా నమ్మకం.

“ఎండెక్కుతోందండి. నడిచెళ్తే దేవుడు గుర్తుపట్టడా ఏంటి?” అంది మా ఆవిడ.

“గొడుగు లేకుండా మా వంశంలో ఎవరూ వెళ్లలేదు.”

“మన గొడుగు చూరుకే వేలాడుతోంది. తీసివ్వనా?”

మేళం వచ్చింది. అలవాటుకొద్దీ మా గుమ్మం ముందు ఆగింది కూడా. పట్టుగొడుగు కింద మేస్త్రి కొత్త పంచె కుచ్చిళ్లు పట్టుకుని అవస్థ పడుతున్నాడు. నన్ను చూసి చేతులు జోడించబోయి, మళ్లీ పంచె పట్టుకున్నాడు.

“రండి బాబుగారూ, గొడుగు కింద ఇద్దరం పడతాం. నేను అడ్జస్ట్ అవుతానండి.”

నిజంగానే పక్కకి జరిగాడు. వెళ్లకపోతే పంతం దక్కుతుంది గానీ కల్యాణం దక్కదు. అరుగు దిగాను. అయితే అతను జరిగి ఇచ్చిన చోట నిలబడితే, అతని దయ మీద నడిచినట్టు కదా! అందుకని నేనూ పక్కకి జరిగాను.

“తమరు లోపలికి రండి.”

“ఫర్వాలేదు, మీరుండండి.”

“అయ్యయ్యో, తమరుండగానా!”

ఇలా మర్యాదలు చేసుకుంటూ ఇద్దరం రోడ్డుకి చెరో అంచునా ఎండలో నడిచాం. పట్టుగొడుగు నడిమధ్యన ఖాళీగా సాగింది. గుడి మలుపు దగ్గర కమిటీ ప్రెసిడెంటు చెమట తుడుచుకుంటూ దాని కిందికి చేరాడు. పూజారి హారతిపళ్లెంతో ఎదురొచ్చి, గొడుగు కింద ఎవరున్నారో చూసి, తొలి తాంబూలం ఆయన చేతిలో పెట్టాడు.