మూడు మెట్ల కొట్టు

టైలరక్కకు చక్రాల కుర్చీయే కాళ్లు. పరాయి దేశంలో పని వెతుక్కునేటప్పుడు జీతం సంగతి అడగలేదు. బయటి దేశాల్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్ చేసి, "మీ గుమ్మం టేపుతో కొలిచి చెప్పు తమ్ముడూ, మెట్లెన్ని?" అని ప్రాణాలు తోడేసింది. చివరికి మెట్ల బాధ లేని దేశాన్నే ఎంచుకుంది.

ఇక్కడ బస్సు తనే వంగుతుంది, తలుపు తనే తెరుచుకుంటుంది. ఏడాదిగా ఆమె కుర్చీ మీద మరో చెయ్యి పడలేదు. మన ఊళ్లో పాత కుట్టుషాపు మెట్ల దగ్గరైతే తోటివాళ్లు కుర్చీ ఎత్తుతూ, "ఏం తింటున్నావే తల్లీ, మా నడుములు విరుగుతున్నాయి!" అని గోల చేసేవాళ్లు. అప్పట్లో ఒళ్లు మండేది.

ఒక ఆదివారం, వెతగ్గా వెతగ్గా, ముందు మూడు మెట్లున్న పాత కొట్టు కనిపించింది. కొనేదేమీ లేకపోయినా వాటి కింద కుర్చీ ఆపుకుని, ఎవరైనా ఓ చెయ్యి వేస్తారేమోనని ఎదురుచూసింది. ఒకాయన ఆగాడు. నవ్వాడు. పక్కసందులో ఉన్న ర్యాంపు చూపించి వెళ్లిపోయాడు.