సింహాచలం తాత పట్టుకున్న ఫోన్ల సంచీ

మా చిన్నప్పుడు... వాన పడితే నాన్నకి పని ఉండేది కాదు. ఖిదిర్‌పూర్ రేవులో పప్పుల ఓడ ఆగి ఉంటే, చినుకు రాగానే మూతలు వేసేసేవారు. బస్తాలు తడవకూడదు. శ్రావణంలో వరసగా నాలుగైదు రోజులు ఇంట్లోనే కూర్చునేవాడు. తెరిపిచ్చిన రోజు మాత్రం గార్డెన్ రీచ్‌లో మా కూలీల ఇళ్ళ లైను నుంచి పన్నెండుమంది తెల్లారకముందే బయల్దేరేవారు. అందరూ శ్రీకాకుళం వైపువాళ్ళే.

పని ఓడ అడుగున... మావాళ్ళు దాన్ని గొయ్యి అనేవారు. నాలుగంతస్తుల లోతు, చుట్టూ ఇనుము. అందులోకి దిగితే ఫోనులో సిగ్నల్ ఒక్క గీత కూడా ఉండదు.

అందుకని ఫోన్లన్నీ పైనే ఉండేవి, ఒక గుడ్డసంచీలో. ఆ సంచీ పట్టుకుని కూర్చునే మనిషి సింహాచలం తాత. ఆయన కుడి మోకాలు వంగదు. వయసులో ఉండగా గొయ్యిలో పని చేస్తుంటే పైనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారట... తలెత్తి నిలబడిపోయాడు. క్రేను ఎత్తుతున్న బస్తాల వల ఊగి వచ్చి తగిలింది. బరువులు మొయ్యలేడు కాబట్టి ముఠావాళ్ళు తమ కూలీలోంచి తలా కొంత తీసి ఇచ్చేవారు. ఆయనకి వేరే ఆధారం లేదు.

తాతకి చదువు రాదు. ఒక్కో ఫోనుకి ఒక్కో రంగు దారం కట్టి గుర్తు పెట్టుకునేవాడు. మోగితే ఎత్తి, "ఎవులు? ఆడు గొయ్యిలో ఉన్నాడు, నీ మాటేటో సెప్పు" అనేవాడు. మనుషులు పైకి వచ్చాక అన్నీ అప్పజెప్పేవాడు. "ఒరే, నీ పెళ్ళాం ఉల్లిపాయలు తెమ్మంది. నీకేమో మీ అత్త దిగింది, నిదానంగా ఎల్లు."

కబురు ఎలాంటిదైనా గొయ్యిలోకి మాత్రం అరిచేవాడు కాదు. పైకి వచ్చాకే. అది ఆయన పద్ధతి... అందరూ ఒప్పుకున్నదే.

నాకు పదేళ్ళప్పుడు మా పెద్దత్త ఆసుపత్రిలో చేరింది. నాన్నని పెంచింది ఆవిడే. ఒకరోజు పొద్దున్న పదకొండింటికి, తమ్ముణ్ణి చూడాలని అడుగుతోందని నేనే ఫోన్ చేశాను. తాత ఎత్తాడు. "అలాగేనమ్మా, నువ్వు ఏడవకు" అన్నాడు.

మబ్బు కమ్ముతోందని, వానలోపు పని ముగించాలని ఆరోజు ఎవరూ తిండికి కూడా పైకి రాలేదు. నాన్న పైకి వచ్చేసరికి మూడయింది. అత్త రెండింటికే పోయింది.

సాయంత్రం మా గుమ్మం ముందు నాన్న అరిచాడు. "మా అప్ప నా కోసం అడిగి అడిగి పోయింది మావా. నువ్వు పైన బీడీ కాల్చుకుంటా కూకున్నావు."

"సెప్తే నీ కాళ్ళు నిలిచేవేట్రా? ఆ నిచ్చెన మీంచి పడిపోయేవోడివి."

"పడితే పడేవోణ్ణి. నీకేటి?"

మర్నాటి నుంచి నాన్న ఫోను ఆ సంచీలో వెయ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే రేవు పక్కన కొత్త టవర్ వేశారు. ఫోర్‌జీ వచ్చింది. వీధి మొదట్లో గొడుగు వేసుకుని సిమ్ములు అమ్మే బెంగాలీ దాదా, ఈ కొత్త సిగ్నల్ గోడల్లోంచి కూడా దూరుతుందన్నాడు. గోడ వేరు, ఇనుము వేరు... అది ఆయన చెప్పలేదు. గొయ్యి మూలల్లో ఎప్పటిలాగే ఏమీ రాలేదు. నడిమధ్యన, పైన ఆకాశం కనిపించే చోట మాత్రం రెండు గీతలు వచ్చేవి. క్రేను వల ఎక్కి దిగేది కూడా ఆ చోటే.

రెండు గీతలు చాలనుకున్నారు. ఒక్కొక్కరే దారం విప్పుకుని ఫోను జేబులో వేసుకున్నారు. "తాతా, ఇప్పుడు నీకన్నా టవరే గట్టిగా అరుస్తాది" అని ఒకడు నవ్వాడు. "ఆ నడిమజ్జన నిలబడకండ్రా" అని తాత మొత్తుకుంటే, "నీ కూలీ పోతాదని బెంగేటి?" అన్నాడు ఇంకొకడు. నెల తిరక్కుండా సంచీ ఖాళీ అయింది. కూలీలోంచి తీసి ఇవ్వడమూ మానేశారు. తాత టీ కొట్టు బల్ల మీద కూర్చునేవాడు... ఎవరైనా టీ ఇప్పిస్తే తాగేవాడు.

దసరా సెలవుల ముందు ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను. మర్నాటికి భారతదేశం మ్యాపు కాగితం కావాలి. అంతే.

"ఇనపడట్లేదమ్మా, ఆగు... టవర్ అందే కాడికొస్తాను" అన్నాడు.

తర్వాత ఏదో పడిన చప్పుడు. ఎవరెవరో అరిచారు. ఫోన్ కట్ కాలేదు. చాలాసేపు వింటూనే ఉన్నాను.

వలలోంచి ఒక బస్తా జారింది. నాన్న ఎడమ పాదం నుజ్జయింది. మ్యాపు కాగితం సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాన్న కూడా చెప్పలేదు.

తర్వాత రేవు అధికారులు ఓడలోకి ఫోన్లు తేకూడదన్నారు. గేటు దగ్గర పెట్టెలో వేసి వెళ్ళాలి. అక్కడ ఫోను ఎంతసేపు మోగినా ఎత్తే మనిషి లేడు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన మూడో రోజు నాన్న అమ్మతో అన్నాడు, "ఆ ముసిలోణ్ణి ఒకపాలి రమ్మను. సంచీ మళ్ళీ పట్టుకోమని నాను అడుగుతాను."

"ఏ మొకం పెట్టుకుని పిలవమంటావు?" అంది అమ్మ. అయినా నన్ను పంపింది.

ఇప్పుడు నేను భవానీపూర్‌లో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. ఫైవ్‌జీ ఫోను, లిఫ్టులో కూడా మాట తెగదు. నాన్న కుంటుకుంటూ టీ కొట్టు దాకా వెళ్ళి వస్తాడు. ఆయనకి ఫోన్ చేసేది నేనొక్కదాన్నే. మీ ఇంటివాళ్ళ కబుర్లు దాచి, సమయం చూసి చెప్పిన మనిషి మీ చిన్నతనంలో ఎవరైనా ఉంటే, వాళ్ళ పేరు కింద రాయండి...

ఆరోజు నేను వెళ్ళేసరికి సింహాచలం తాత గదికి తాళం ఉంది. పక్కింటి ఆవిడ చెప్పింది. ఆయన సోమవారం పొద్దున్న రైలుకి సొంతూరెళ్ళిపోయాడు. అమ్మ నన్ను పంపింది మంగళవారం.