లిబియాకు వచ్చిన ఓడ

మా అక్క భర్త, అంటే మా బావ, సూరత్‌కు రాకముందు లిబియాలో తాపీమేస్త్రీగా చేశాడు. ఏళ్ల తరబడి గద్దె దిగని పాలకుడి మీద అక్కడి జనం తిరగబడినప్పుడు, ఉన్న పని పోయి కట్టుబట్టలతో ఇల్లు చేరాడు. తర్వాత ఇద్దరం సూరత్‌లోని పాండేసరలో బట్టలకు రంగులద్దే ఒకే మిల్లులో చేరాం. దగ్గర్లోని నవాగామ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లం.

ఆ లిబియా ముచ్చట చెప్పి చెప్పి నా చెవులకు తూట్లు పొడిచాడు. మొదట్లో 'మా రాజ్యం మాకే కావాలి' అని అక్కడి పోరగాళ్లు రోడ్ల మీద ఎగిరారట. మనవాళ్లుండే కూలీల క్యాంపు గేటు దగ్గరికొచ్చి వీళ్లకూ రొట్టెలు పంచారట. ఆ తర్వాత తుపాకులు మోగాయి.

"గేటు దాటినోళ్లు ఏమైండ్రో దేవునికెరుక. సప్పుడు జెయ్యకుంట లోపల కూసున్నోళ్లను మన సర్కారు ఓడ పంపి తోలుకపోయింది" అనేవాడు.

లాక్‌డౌన్ వచ్చి మిల్లు మూతపడింది. ఊళ్లో నా భార్యకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పు దక్కలేదు. ఈసారి పక్కనే ఉంటానని మాటిచ్చాను. ఒకనాడు ఒడిశా, బిహార్ కూలీలంతా మమ్మల్ని ఊరికి పంపమంటూ రోడ్డెక్కారు. నేనూ బయల్దేరాను. బావ తలుపుకు అడ్డం నిలబడ్డాడు.

"జరుగు బావా. ఇది లిబియా గాదు."

"గందుకే చెప్తున్న. పరాయి దేశంల ఉంటెనే ఓడ పంపిండ్రు. గిక్కడ మన దేశంలనే ఉంటిమి, రైలు పంపరా? జర ఓపిక పట్టు. నీకేమన్నయితె మీ అక్కకు ఏం మొఖం జూపాలె?"

అక్క మాట ఎత్తేసరికి వెనక్కి తగ్గాను. మా ఇళ్లలో బావ మాట కాదని గడప దాటేవాడు లేడు. కూర్చున్నాను గానీ లోపల కుతకుత ఉడికిపోయాను. లాఠీలు నిజంగానే లేచాయి. పక్క గది ఒడిశా ఆయన తల పగిలి వచ్చాడు. "జూసినవా?" అన్నాడు బావ.

తర్వాత రైళ్లు రానే వచ్చాయి, అరిచినవాళ్ల ఊళ్లకు. తల పగిలినాయన కట్టుతోనే మూట ఎత్తుకొని వెళ్లిపోయాడు. మావైపు రైలు ఊసే లేదు. మేమున్నామని ఎవరికి తెలుసు? బుద్ధిమంతుల్లా కూర్చున్నాం కదా, మా ఖర్మ!

అక్క ఫోన్ చేసింది. బిడ్డ పుట్టి, కేర్‌మనకుండానే పోయింది. నా భార్య బతికింది గానీ నాతో మాట్లాడనంది.

నాకు కన్నీళ్లు రాలేదు. బావ మాత్రం గోడకు తల కొట్టుకొని ఏడ్చాడు. ఉన్నట్టుండి లేచి బయటికి నడిచాడు. వెనకే పరుగెత్తాను. మిల్లుల రోడ్డు బోసిగా ఉంది. నడిమధ్య నిలబడి "మమ్ముల మా ఊరికి తోలుండ్రి" అని తెలుగులోనే గొంతు చించుకుంటున్నాడు.

నీడలో కూర్చున్న పోలీసు లాఠీ కూడా ఎత్తలేదు. "ఇప్పుడెందుకు అరుస్తున్నావు? అందరూ వెళ్లిపోయారుగా" అన్నాడు హిందీలో.