ఎర్రవైపు తిప్పని మామ

మస్తాన్ వలీ మామకు ‘చాలు’ అనడం చేతకాదు. రాయచోటి మనిషి, సౌదీలోని బురైదాలో ఏసీ మెకానిక్కు, మా గదిలో నాది ఆయన పక్క మంచం. చుట్టరికమేమీ లేదు, అందరికీ మామే. మనిషి గడకర్రలా సన్నగా ఉంటాడు. వడ్డించేవాడు అలిసిపోవాల్సిందే తప్ప ఈయన చెయ్యి అడ్డం పెట్టడు.

ఇక్కడ అరబ్బుల ఇళ్లలో గావా అనే కాఫీ పోస్తే, చాలనుకున్నవాడు చేతిలోని చిన్న కప్పును అటూ ఇటూ ఊపాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇంటికి వెళ్లినప్పుడు మామ ఊపలేదు. పోసే మనిషి లోపలికెళ్లి ఇంకో ఫ్లాస్కు తెచ్చాడు. ఆ తర్వాత మామకు నిద్ర లేదు, పక్క మంచం కాబట్టి నాకూ లేదు.

మంగలి షాపులో అద్దం చూపించి ఇంకాస్త తగ్గించనా అంటే తలూపుతాడు. అడిగినప్పుడల్లా ఊపుతాడు. ఒకసారి క్రాపుతో వెళ్లిన మనిషి గుండుతో వచ్చాడు. మక్కా వెళ్లి ఉమ్రా చేసి గుండు చేయించుకొచ్చాడనుకుని గదిలో వాళ్లంతా ముబారక్‌లు చెప్పారు. మామ వాటికీ అడ్డు చెప్పలేదు.

అలాంటి మనిషిని, మాతోపాటే, కంపెనీవాళ్లు ఓ శుక్రవారం నమాజయ్యాక బ్రెజిల్ పద్ధతి హోటలుకు భోజనానికి తీసుకెళ్లారు. అక్కడ మాంసాన్ని బారెడు ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చి, టేబుల్ దగ్గరికే తెచ్చి ప్లేటులోకి కోస్తారు. ఒక్కొక్కరి ముందూ ఒక అట్టబిళ్ల. పచ్చవైపు పైకుంటే తెస్తూనే ఉంటారు, ఎర్రవైపు తిప్పితే ఆపుతారు. ఆ సంగతి వినగానే నాకు మామ గురించి బెంగ పట్టుకుంది.

మా వైపు వడ్డించే మనిషి సలీం, నలభై దాటినవాడు. మా మాటలు విని తనదీ తెలుగేనన్నాడు, వంగి మామ చెవిలో ఏదో చెప్పుకున్నాడు. నేను పొట్టేలు పక్కటెముకలతో తీరిక లేక వినలేదు. కోసేటప్పుడు అతనికి చెయ్యి కుదరడం లేదు. ఒక ముక్క కాగితమంత, ఇంకోటి ఇటుకంత పడుతోంది. అతను రాగానే మిగతా టేబుళ్లవాళ్లు బిళ్ల ఎర్రవైపు తిప్పేస్తున్నారు, అతను దాటాక మళ్లీ పచ్చవైపు పెడుతున్నారు. వాళ్లు వద్దన్నదంతా మామ ప్లేటులోకే వస్తోంది.

మామ తింటూనే ఉన్నాడు. బెల్టు ఒక బెజ్జం వదులు చేశాడు. తర్వాత ఇంకొకటి. చివరికి బెల్టే తీసి చుట్టి పక్కన పెట్టాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఇక చూడలేక నేనే బిళ్ల తిప్పబోతే, మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

“వద్దప్పా. ఆయప్ప ఖర్జూరం తోటలో పని ఇడిసిపెట్టి వచ్చినాడు. ఈ పొద్దు ఈడ పరీక్ష. చువ్వ నిండుగా ఎనక్కి పోతే రేపట్నించి రావద్దంటారంట. ఆ వాకిట్లో నిలబడుకోని చూస్తాండేది మేనేజరే.”

అప్పుడు తట్టింది నాకు. కఫీల్ ఇంట్లో గావా పోసిన మనిషి కొత్తగా పనిలో చేరినవాడే. మంగలి షాపులో కత్తెర పట్టినవాడూ అప్పుడే నేర్చుకుంటున్నవాడే. కొత్తవాణ్ని వద్దని తిప్పి పంపడం మామకు చేతకాదు. మామ మీద ప్రేమ పొంగింది, ఆయన కడుపు మీద జాలేసింది. నా బిళ్ల కూడా పచ్చవైపు తిప్పాను.

కోయగా కోయగా సలీం చెయ్యి కుదురుకుంది. ముక్కలు సమంగా పడసాగాయి. అది చూసి పక్క టేబుల్‌వాళ్లూ అతన్ని పిలిచారు. కాసేపటికి అతను కొత్త చువ్వతో దాదాపు పరుగున మా దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్లకున్న నల్ల ఏప్రాన్ ఇప్పుడు అతని ఒంటి మీదా ఉంది.

“పనిలో పెట్టుకున్నారు భాయ్,” అన్నాడు. “మొదటి ముక్క మీకే.”

మామ లేచి అతని భుజం తట్టాలనుకున్నాడు గానీ లేవలేకపోయాడు. కూర్చునే బిళ్లను ఎర్రవైపు తిప్పి, మళ్లీ ఎవరూ తిప్పకుండా దాని మీద నీళ్ల గ్లాసు పెట్టాడు.

“శానా సంతోషమప్పా,” అన్నాడు. “ఇంక చాలు.”

ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదలు. కుర్చీలోంచి లేపడానికి మాత్రం సలీం ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.